మూడో ప్రశ్న

అట్టపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసే ఆయన్ని అందరూ సైరన్ అనేవారు. ఎదురుగా మాత్రం కాదు. సైరన్ ఆగిన మరుక్షణం ఆయన చేతిలో గేటు మూతపడేది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నవాడు కూడా బయటివాడి కిందే లెక్క. ఆయన చదివింది పల్లెటూరి బళ్ళో ఐదో తరగతి దాకా. ఆ చదువుతోనే ముప్ఫై ఏళ్ళుగా గేటు రిపోర్టు రాస్తున్నాడు: "ఆలస్యం. గేటు మూశాను."

కొత్త మేనేజరు వచ్చి ఆ రిపోర్టుల్ని మూడుసార్లు తిప్పి పంపాడు. ఎవరొచ్చారో, ఎందుకు ఆలస్యమైందో నాలుగు వాక్యాలు రాయడం నేర్చుకోమన్నాడు.

"నాకు చదువు రాదట" అన్నాడు ఆయన ఇంటికొచ్చి కోడలితో. "నిన్న గాక మొన్న మీసాలు మొలిచినవాడు చెప్తున్నాడు."

కోడలు సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పే పంతులమ్మ. నవ్వు ఆపుకుని, బీరువాలోంచి అట్ట ఊడిన పాత నవల ఒకటి, దాంతోపాటు ఒక నిఘంటువు తీసి బల్ల మీద పెట్టింది.

"రోజుకి పది పేజీలు, మావయ్యా. తెలియని మాటలు పది రాసుకోండి. అర్థం చూసి ఒక్కో మాటతో సొంత వాక్యం రాయండి. అధ్యాయానికి మూడు ప్రశ్నలు నేనడుగుతాను."

"ఈ వయసులో నాకు పరీక్షలా?"

"గేటు దగ్గర మీరు పెట్టేవాటికంటే తేలికేలెండి."

ఆ ఇంట్లో ఆయన మాట్లాడేది కోడలితోనే. కొడుకూ ఉన్నాడు. ఫ్రిజ్ మెకానిక్కు. అదే ఇల్లు, అదే బల్ల దగ్గర భోజనం. రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో తల్లి పోయిన రోజున, చెప్పకుండా ఎటో వెళ్ళిన కొడుకు, ఆమె కన్నుమూశాక నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆనాటినుంచి ఆయన వాడితో మాట్లాడలేదు. అవసరమైతే "మీ ఆయనతో చెప్పు, కొళాయి కారుతోంది" అనేవాడు, ఆ 'మీ ఆయన' ఎదురుగా కూర్చుని తింటుండగానే. ఒకటి రెండుసార్లు కొడుకు "నాన్నా, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నవల ఒక నగరం గురించి. నగరం చుట్టూ గోడ. సాయంత్రం గంట మోగేలోగా అందరూ లోపలికి చేరాలి. చేరనివాడి పేరు కొట్టేస్తారు. ఇంట్లో వాడి కంచం తీసేయాలి. వాడితో ఎవరూ మాట్లాడకూడదు.

"భలే ఊరు" అన్నాడు ఆయన మూడో రోజున.

గిన్నెలు తుడుస్తున్న కోడలు ఆగింది. "నచ్చిందా?"

"ఎందుకు నచ్చదు? అక్కడ ఒక ద్వారపాలకుడున్నాడు. నిక్కచ్చి మనిషి. అలాంటివాడు మాకు ఇంకొకడుంటే నేను ఎప్పుడో రిటైరయ్యేవాణ్ణి."

"రాసినాయన ఆ ఊరు బాగుందనే రాశాడంటారా?"

"బాగోకపోతే అంత వివరంగా ఎందుకు రాస్తాడు?"

పక్కగదిలో కొడుకు దగ్గాడు. అది దగ్గు కాదని ఆయనకి తెలుసు. "మీ ఆయనకి దగ్గుమందు పొయ్యి" అన్నాడు.

నోటుబుక్కు నిండుతూ వచ్చింది. కర్కశం: మా గేటు కర్కశంగా అరుస్తుంది, నూనె అడిగితే ఇవ్వరు. నిరంకుశుడు: కొత్త మేనేజరు నిరంకుశుడు. పశ్చాత్తాపం: ఈ పుస్తకం మొదలుపెట్టినందుకు పశ్చాత్తాపపడుతున్నాను. కోడలు మొదటి రెండిటికీ టిక్కు పెట్టి, మూడోదాని పక్కన "అబద్ధం" అని రాసింది. నిజమే. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే ఆయన నేరుగా ఇంటికొస్తున్నాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటున్నాడు.

తొమ్మిదో అధ్యాయంలో రొట్టెలవాడొకడు గంట మోగాక వచ్చి తలుపు కొట్టాడు. ద్వారపాలకుడు తీయలేదు. గోడకి ఇవతల వాడి కూతురు రాతికి చెవి ఆనించి నిలబడింది. పలకలేదు, పలకకూడదు కాబట్టి.

కోడలు ప్రశ్నలు చీటీ మీద రాసిచ్చింది. ఒకటి, తలుపు కొట్టింది ఎవరు? రొట్టెలవాడు. రెండు, ఎంత ఆలస్యమైంది? కొవ్వొత్తి అంగుళం కరిగేంత. మూడు, ఎందుకు ఆలస్యమైంది?

"పుస్తకంలో లేదు" అన్నాడు ఆయన.

"ఉంది, మావయ్యా."

"అక్షరం అక్షరం చదివాను."

"చదివారా, కష్టమైన మాటలొచ్చిన చోట గంతేశారా?"

దొరికిపోయాడు. ఎనిమిదో అధ్యాయం చివర అర పేజీలో వాక్యానికి రెండేసి కొరుకుడుపడని మాటలున్నాయి. ఆ రోజు పది మాటలూ అయిపోయాయి కదా అని వదిలేశాడు.

మర్నాడు ఆ అర పేజీకి గంటన్నర పట్టింది. రొట్టెలవాడు వేళకే బయల్దేరాడు. వంతెన మీద ఒక ముసలివాడు పడి ఉన్నాడు. బళ్ళన్నీ అతన్ని తప్పించుకుని పోతున్నాయి. మొదటి గంట వినబడింది. అయినా రొట్టెలవాడు ఆ నిస్సహాయుణ్ణి ఉపేక్షించలేకపోయాడు. ఉపేక్ష అంటే ఏమిటో వెతికాడు: చూసి కూడా పట్టించుకోకుండా వదిలేయడం.

తొమ్మిదో అధ్యాయం మళ్ళీ చదివాడు. ఒక్క అక్షరం మారలేదు. ద్వారపాలకుడు మాత్రం ఈసారి నచ్చలేదు.

"ఎందుకురా అని ఒక్కమాట అడగొచ్చుగా, వెధవ" అన్నాడు పైకే. తన గొంతు తనకే వినబడింది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తానూ ఎవర్నీ అడగలేదు.

కొడుకు పనిముట్ల సంచితో లోపలికొచ్చాడు. కోడలు అప్పటికే క్లాసుకి వెళ్ళిపోయింది. మధ్యలో మాట మోయడానికి ఇంట్లో ఎవరూ లేరు.

"ఎందుకు ఆలస్యమైంది?" అన్నాడు ఆయన, చీటీ చూస్తూ.

కొడుకు ఉలిక్కిపడి గోడ గడియారం వంక చూశాడు. "ఇవాళ తొందరగానే వచ్చాను, నాన్నా."

"ఇవాళ కాదు."

కొడుకు సంచి కింద పెట్టాడు.

"అమ్మే పంపింది. నువ్వు వరండాలో ఉత్త చొక్కాతో వణుకుతున్నావు, ఇంటికెళ్ళి స్వెట్టర్ తెమ్మంది. నేను వెళ్ళనన్నాను. వెళ్ళకపోతే నీతో మాట్లాడనంది."

ఆయన చేతిలోని చీటీ మడిచాడు.

"తెచ్చాను. నీ పక్క కుర్చీలో పెట్టాను. నువ్వు గడియారం చూశావు."

కుర్చీలో గుడ్డసంచి ఒకటి ఉన్నట్టు ఆయనకి గుర్తే. ఎవరో మర్చిపోయి వెళ్ళారనుకున్నాడు.

"ఎక్కడుంది?"

"బీరువా కింది అరలో. ఆ సంచిలోనే."

ఆయనే వెళ్ళి తీసుకున్నాడు. గోధుమరంగు స్వెట్టరు. మోచేతి దగ్గర నీలం దారంతో రఫ్ఫు చేసి ఉంది. ఆ వేళకి ఇంట్లో ఏ రంగు దారముంటే దాంతోనే కుట్టేసే మనిషి ఆయన భార్య. తల మీంచి తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఉక్కగా లేదూ?" అన్నాడు కొడుకు.

"ఉంది" అన్నాడు ఆయన. తీయలేదు.

కోడలు తిరిగొచ్చేసరికి తండ్రీకొడుకులు పోట్లాడుకుంటున్నారు. వాషరు మారిస్తే చాలునని కొడుకు, కొళాయే మార్చాలని తండ్రి. నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. ఆమె స్వెట్టరు వంక చూసి వంటింట్లోకి వెళ్ళి, కాసేపటిదాకా బయటికి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు ఆయన.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వినేవారా, మావయ్యా?"

ఆయన ఆలోచించాడు. అబద్ధమాడటం చేతకాదు. "వినేవాణ్ణి కాదు." తరవాత, గేటు రిపోర్టంత పొడిగా, "నీ మేలు మర్చిపోను" అంటూ నోటుబుక్కు ఆమె ముందుకి తోశాడు.

ఉపేక్ష: ఒక స్వెట్టరుని రెండేళ్ళు ఉపేక్షించాను.

కోడలు టిక్కు పెట్టింది. "ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. చివరికి ఆ ద్వారపాలకుడు ఏమవుతాడంటే..."

"చెప్పకు" అన్నాడు ఆయన, పుస్తకం దగ్గరికి లాక్కుంటూ. "వాడింట్లోనూ ఒక కోడలుందేమో చూడాలి."