టైముకు కదిలిన బండి

పండ్ల రైతుల సంఘం ఆఫీసులో ఆమెకు చాటున పెట్టుకున్న పేరు గయ్యాళి. పెట్టిన పేరు ఊరికే పోకూడదన్నట్టు, ఆ పొద్దున ఆమె చెప్పులు టకటకలాడిస్తూ ఆఫీసు మెట్లెక్కింది.

ఆమె తోటలో అంజూరపండ్లు కోసి ఉన్నాయి. మూడేళ్లు పెంచిన చెట్లకు ఇదే తొలికాపు. పట్నం కొట్టువాడు ఈ మొదటి సరుకు నచ్చితేనే ఏడాది పొడవునా కొంటానన్నాడు. అంజూరం ఎవరి కోసమూ ఆగదు; గోతాంలో వేస్తే గుజ్జే. పదింటికి సంఘం బ్యాటరీ బండి ఆఫీసు నుంచి బయలుదేరి, తోటల మీదుగా పట్నం వెళుతుంది. పొగ రాదు, లోపల చల్లగా ఉంటుంది. కాకపోతే ప్లాస్టిక్ క్రేట్లలో సర్దితే తప్ప సరుకు ఎక్కించుకోరు. ఆ క్రేట్లేమో వారం నుంచి లేవు. ఎప్పుడడిగినా మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు, వస్తున్నాయమ్మా అంటాడు.

అవి ఎక్కడున్నాయో మీటింగు హాల్లో అడుగుపెట్టగానే తెలిసింది. పండ్లు పాడవకుండా పట్నం చేర్చడమెలా అని అక్కడ సభ జరుగుతోంది. కుర్చీలు చాలలేదట. నలభై మంది పెద్దమనుషులు క్రేట్లు బోర్లించుకుని, వాటి మీద కూర్చుని పండ్ల గురించి బెంగపడుతున్నారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంత చదువుకున్నవాళ్లలో తన కిందేముందో చూసుకున్నవాడు ఒక్కడూ లేడు.

"లేవండి," అంది.

రిజిస్టరు ప్రకారం క్రేట్లన్నీ రైతుల దగ్గరే ఉన్నాయని మేనేజరు గొణిగాడు. ఆమె అతన్ని పక్కకు నెట్టి, ముందు వరసలోని లావుపాటి సలహాదారు కింది క్రేటు పట్టి లాగింది. ఆయన గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మిగతావాళ్లు తమ వంతు రాకముందే లేచారు.

క్రేట్లు మోసుకుని బయటికొచ్చేసరికి పది దాటి అయిదు నిమిషాలు. బండి లేదు. ఖాళీగా వెళ్లిపోయింది. సరుకున్నా లేకున్నా టైముకు కదిలితేనే బండికి మార్కులట. నెలరోజులుగా నూటికి నూరు వస్తున్నాయని మేనేజరు గర్వంగా చెప్పాడు.

ఆమె మరిదికి ఫోను చేస్తే, అతని డొక్కు డీజిలు వ్యాను నల్లటి పొగ కక్కుతూ వచ్చింది. మేనేజరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గాలికి ఇదెంత చేటో తెలుసా అన్నాడు.

"మీ బండిలో పొగా లేదు, పండూ లేదు," అంది ఆమె.

తోటకెళ్లి సర్దుకుని, ఎండలో పట్నం చేరేసరికి సగం పండ్లు నీరుకారాయి. కొట్టుకు ఎదురుగా సంఘం బండి నిలబడి ఉంది. చల్లటి పెట్టె తలుపు ఓరగా తెరుచుకుని డ్రైవరు అందులో హాయిగా నిద్రపోతున్నాడు. కొట్టువాడు ఒక పండు నొక్కి చూసి, వేళ్లు తుడుచుకుని, ఏడాది మాట వెనక్కి తీసుకున్నాడు.

"అంత మంచి బండి పెట్టుకుని," అన్నాడు కొట్టువాడు సంఘం బండి వైపు చూపిస్తూ, "వీటినిలా తెచ్చారేంటమ్మా?"