అయిదో మెట్టు

మా నాన్న ఉక్కు కరిగించి మమ్మల్ని పెంచాడు. నేను ఉక్కు పల్చన చేసి బతికాను. భిలాయి స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో పెరిగి, ఆ ఊరి శివార్లలోనే చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నాను. కుమ్హారి దగ్గర ఒక ప్రైవేటు మిల్లుకి ఇనుప మెట్లు చేసిచ్చేవాణ్ణి. అక్కడి ఇన్‌స్పెక్టరుకి వాటా ఇస్తేనే సరుకు పాసయ్యేది. ఆ వాటా నా జేబులోంచి ఎందుకు పోవాలి? ఆరు మిల్లీమీటర్ల రేకు బదులు నాలుగు వేసేవాణ్ణి. అలా చేయలేనివాళ్ళు నా ధరకి ఇవ్వలేక ఒక్కొక్కరే తప్పుకున్నారు. అదంతా నా తెలివే అనుకున్నాను.

నిరుడు ఆ ఇన్‌స్పెక్టరు రిటైరైతే, ఆయన స్థానంలో అరుణజ్యోతి అనే అమ్మాయి వచ్చింది. విజయనగరం వాళ్ళ పిల్లని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మాదీ ఆ వైపే, మనవాళ్ళే కదా అని పలాస జీడిపప్పు పొట్లం, దాని కింద ఒక డబ్బు కవరు పట్టుకెళ్ళాను.

ఆ అమ్మాయి నాలుగు పప్పులు నోట్లో వేసుకుని బాగున్నాయంది. పొట్లం, కవరు నా వైపే జరిపింది. తర్వాత బయటికెళ్ళి, నేను తెచ్చిన ముప్పై మెట్ల మీదా సుద్దముక్కతో అడ్డగీతలు కొట్టింది.

నాకు ఒళ్ళు మండింది. ఈ సరుకు వెనక్కొస్తే నా షాపు మూతపడుతుందని, నలుగురు పనివాళ్ళు రోడ్డున పడతారని చెప్పాను. మనవాళ్ళన్న జాలైనా లేదా అని కూడా అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతా విని, "నాకిద్దామనుకున్నదేటో ఆ రేకులో ఎట్టండి భయ్యా. సరిపోద్ది," అంది. పదిహేను రోజులు గడువిచ్చింది.

కోపంగానే ఇంటికొచ్చాను. కోపంగానే కాగితం తీశాను. కవరు లేకపోతే అదే ధరకి ఆరు మిల్లీమీటర్ల రేకు వచ్చేస్తోంది. పదేళ్ళలో ఒక్కసారీ నాకిది తట్టలేదు.

మెట్లు మళ్ళీ చేసిచ్చాను, పాసయ్యాయి. షాపు నిలబడింది. ఆ అమ్మాయికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ ఒకటి లోపల గుచ్చుతూనే ఉంది. ఆ మిల్లు స్క్రాప్ షెడ్డుకి నాలుగేళ్ళ కిందట వేసిన మెట్లూ నా పల్చటి రేకువే. వెళ్ళి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆదివారం మిల్లు ఆపుతారు, వచ్చి మార్చెయ్యమంది.

ఆదివారం ఊడదీస్తే అయిదో మెట్టు నడుమ చీలి ఉంది. ఎవరో దానికి ఎర్రగుడ్డ కట్టారు.

సోమవారం పొద్దున్న చూడ్డానికి వెళ్ళాను. స్క్రాపు మోసే అప్పలనరసమ్మ తట్టతో నాలుగు మెట్లెక్కి, అయిదోది వదిలేసి ఆరో మెట్టు మీదికి కాలు చాపింది. కొత్తదే, తొక్కమన్నాను. మెల్లిగా తొక్కి చూసింది.

"దీనికి బయపడి రెండేళ్ళు సగం తట్టే మోసినాను బాబూ. మాకు తూకాన్ని బట్టే కూలి. మీరు సల్లగుండాల," అంది.

ఇన్నాళ్ళూ నేనిచ్చిన వాటా ఎవరి కూట్లోంచి పోయిందో అప్పుడు తెలిసింది. ఆ దీవెన ఉంచుకోలేకపోయాను. ఆ పాత మెట్టు చేసింది నేనేనని, నా కళ్ళు తెరిపించింది ఇన్‌స్పెక్టరమ్మ అని చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే ముందు ఆ పిల్ల సల్లగుండాల. తరవాత నువ్వు," అని పైకెక్కింది.

అంతకంటే నాకేం కావాలి? కళ్ళు తుడుచుకుని అక్కడే నిలబడ్డాను. ఈసారి ఆమె తట్ట నిండా మోసుకొచ్చింది. అయినా కాలు మాత్రం అలవాటుగా అయిదో మెట్టు దాటేసింది.