నీళ్ళు పొయ్యని డ్రైవరు

స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, దాని చెక్కపిడిని చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకున్నాడు బుడే. పొగాకు బేళ్ళు మోసే లారీ అది. లోపల ఎక్కడో సన్నగా టకటకమంటోంది. లారీ డ్రైవరు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. పిడిని ఇంకో చోటికి జరిపి విన్నాడు, మరో చోటికి జరిపి విన్నాడు, ఆ తర్వాత స్పానరు అందుకుని మూడో సిలిండరు మీది మూత విప్పడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకి ఇదంతా సోదె చెప్పించుకున్నట్టు ఉంటుంది గానీ, ముప్పై ఏళ్ళుగా అతను ఇంజన్ల జబ్బు కనుక్కునేది అలాగే.

యాభై ఆరేళ్ళ పొట్టి మనిషి. కుడి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో ఫ్యాను రెక్క తీసుకుపోయింది. అరచేతి గీతల్లో నల్లటి గ్రీజు స్థిరపడిపోయి, పండక్కి కిరసనాయిలుతో కడిగినా వదలదు. అతని తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని చీరాల, వేటపాలెం వీధుల్లో తిరిగి జనం పాత పరుపులు విప్పి ఏకి కుట్టేవాడు. ముక్కులో దూది, గొంతులో దూది, అన్నంలో దూది. అది పడక బుడే పదిహేనో ఏట బస్సుల షెడ్డులో చేరాడు. తర్వాత ఒంగోలు వచ్చి చెన్నపట్నం రోడ్డు పక్కన తాటాకు షెడ్డు వేసుకున్నాడు. అతని బతుకులో చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ జరగలేదు. అతనికున్న ఒకే ఒక్క ఆస్తి ఊరివాళ్ళ మాట: “బుడే చెప్పాడంటే ఇంజను చెప్పినట్టే.”

పదింటికి జయరావు గారి నల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని హారను వినగానే బుడే లారీ ఇంజను మీదికి ఇంకా వంగాడు. పదకొండు నెలలుగా అంతే.

కొత్త డ్రైవరు ఇమ్మానియేలు దిగి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “రేపు తెల్లారుజామున మదనపల్లె పోవాలంట మేస్త్రీ. అమ్మగారికి మళ్ళీ ఎక్సురే తీయిస్తారంట. పోయినేడు మాదిరి చలికి వణక్కూడదు, హీటరు చూపించుకు రమ్మన్నారు అయ్యగారు.”

“అట్టాగే,” అన్నాడు బుడే, లారీ మీంచి తలెత్తకుండా.

ఆ కారు సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. పొగాకు కొనే దొర ఒకడు దాన్ని ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. వెళ్ళిపోతూ జయరావు గారికి అమ్మాడు. చలిదేశపు బండి కాబట్టి అందులో హీటరు ఉంది. ఇంజనులో కాగిన నీళ్ళు రబ్బరు గొట్టాల గుండా కాళ్ళ దగ్గరున్న చిన్న పెట్టెలోకి వస్తాయి, వెనకనుంచి ఫ్యాను వేడిగాలి విసురుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఈ వైభోగం చూసి నవ్వని వాడు లేడు.

ఆరేళ్ళ కిందటి వేసవిలో ఆ కారు రోజూ కుతకుతా ఉడుకుతూ షెడ్డుకి వచ్చేది. బుడే ఇంజను తల మీద మూత విప్పి, అందులోని ఇత్తడి వాల్వును తీసేశాడు. నీళ్ళు బాగా కాగేదాకా దారి మూసి ఉంచి, కాగాక తెరుచుకుని రేడియేటరుకు వదిలే వాల్వు అది. ఇక్కడి ఎండలకి దానితో చిక్కే తప్ప సుఖం లేదు. ఆ చుట్టుపక్కల మేస్త్రీలందరూ చేసే పనే. కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం ఎంత మామూలో, షెడ్డుకు తెచ్చి ఆ వాల్వు తీయించడమూ అంత మామూలు. తీసినవన్నీ బుడే ఒక డాల్డా డబ్బాలో పడేసేవాడు. లోకంలో చలి అనేది ఒకటుందని ఏ మేస్త్రీకీ గుర్తు లేదు.

పోయిన పుష్యమాసంలో జయరావు గారి భార్య మల్లేశ్వరికి ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. మదనపల్లె ఆసుపత్రికి బయల్దేరారు. అప్పటి డ్రైవరు పానకాలు. తెల్లవారుజామున మంచులో హీటరు తిప్పితే చల్లగాలి కొట్టింది. మూడు దుప్పట్లు కప్పినా ఆమె వణుకు ఆగలేదు. ఆసుపత్రి చేరేసరికి ఒళ్ళు కాలిపోతోంది. వారం అనుకున్నది నెలన్నర ఉండవలసి వచ్చింది.

తిరిగొచ్చాక జయరావు గారు నేరుగా షెడ్డుకు వచ్చి అడిగారు. “అదెందుకు పని చెయ్యలా సాయిబూ?”

పానకాలు పక్కనే ఉన్నాడు. బుడేకి ఆ క్షణంలోనే వాల్వు గుర్తొచ్చింది. నేనే తీశానండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను అన్నది మాత్రం ఇది: “నీళ్ళు ఎప్పటికప్పుడు చూసి పొయ్యాలండి. పొయ్యకుండా తోలితే హీటరు గొట్టాలు పూడిపోతాయండి.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఏ పుస్తకంలో చూసినా అదే ఉంటుంది. జయరావు గారు పానకాలు వైపు చూశారు. పానకాలు బుడే వైపు చూశాడు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం నిలబడ్డ చోటే పోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతని చేతికి కారు ఇవ్వలేదు. ‘నీళ్ళు పొయ్యని డ్రైవరు’ అన్న పేరు అతికిపోయింది. అతను పొగాకు కంపెనీలో బేళ్ళు మోశాడు, లారీలు కడిగాడు. బుడే ఆ కంపెనీ వీధి మానేసి చేపల బజారు చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ ఎవరితో చెప్పుకుంటాడు.

వాల్వు తిరిగి పెట్టేస్తే పోయేది గదా అని ఎవరైనా అడగవచ్చు. పెట్టాలంటే ఆ మూత విప్పాలి. ఆయిలు మార్చడానికి కారు వచ్చినప్పుడల్లా బుడే ఆ మూత ఉన్న వైపు చూడకుండానే పని ముగించేవాడు.

ఇవాళ కూడా ముందు దాన్ని ముట్టుకోలేదు. హీటరు గొట్టాలు రెండూ ఊడదీశాడు. అవి పూడి ఉండాలని కోరుకున్నాడు. పూడి ఉంటే తను చెప్పిందే నిజమవుతుంది. ఒక చివర నీళ్ళు పట్టించి రెండో చివర ఇనప తట్ట పెట్టాడు. మట్టి పడుతుందేమోనని గొంతుక్కూర్చుని చూశాడు. నీళ్ళు ధారగా, తేటగా పడ్డాయి. తట్టలో వేలు పెట్టి అడుగంతా తడిమినా ఇసుక రేణువు దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పానకాలు రేడియేటరుకు నీళ్ళు పోసేటప్పుడు పైకండువా మడత వేసి వడగట్టేవాడు. ‘అమ్మగారి మంచినీళ్ళు కూడా ఇంత శుద్ధంగా ఉండవేమో’ అని బుడే ఒకసారి ఎగతాళి కూడా చేశాడు. ఆ తట్ట ముందు అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గొట్టాలు బిగించి ఇంజను వేశాడు. షెడ్డులో నిలబెట్టి కాసేపు రేసు ఇచ్చేసరికి హీటరు వెచ్చగా వీచింది. ఇమ్మానియేలు చెయ్యి పెట్టి చూసి, “వేడొస్తందిగా మేస్త్రీ, పోయిరానా?” అన్నాడు.

పంపించెయ్యవచ్చు. మధ్యాహ్నపు ఎండలో, ఆగి ఉన్న బండిలో ఎవరికైనా వేడి వస్తుంది. రేపు తెల్లవారుజామున మళ్ళీ ఆమె వణుకుతుంది, ఈసారి ఇమ్మానియేలు పోతాడు.

“రోడ్డెక్కాక చూద్దాం, పద,” అన్నాడు బుడే.

టంగుటూరు వైపు రెండు మైళ్ళు పోనిచ్చారు. బండి వేగం అందుకున్నకొద్దీ ఇంజను వేడి చూపించే ముల్లు మెల్లగా కిందికి వాలింది. హీటరు గాలి చప్పబడి, చివరికి చల్లబడింది. అడ్డుకునే వాల్వు లేక నీళ్ళన్నీ రేడియేటరులో తిరిగి ఆరిపోతున్నాయి. రోగం ముల్లు చూపిస్తోంది. బుడే కళ్ళు తిప్పుకుని కిటికీలోంచి మిరపచేల వైపు చూశాడు.

తిరిగి వచ్చేసరికి భార్య ఖాజాబీ అన్నం గిన్నె పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. అతను రెండు ముద్దలు తిన్నాక చెప్పింది. “పున్నమ్మా పానకాలూ ఇయాల ఐదున్నర బస్సుకి పోతన్నారంటయ్యా. సాగరు డ్యాము కాడ లారీలు తోలే పని దొరికిందంట పానకాలుకి. ఇల్లు ఖాళీ చేశారు.”

“మళ్ళీ రారా?”

“ఏముందని వస్తారు? ఈ ఊళ్ళో ఎవరిస్తన్నారు పని?” ఖాజాబీ మజ్జిగ పోస్తూ, “నువ్వన్నా జయరావు గారికి ఒక మాట చెప్పాల్సింది. నీ మాట ఇంటాడుగా,” అంది.

బుడే అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు.

డాల్డా డబ్బా గోనె మీద బోర్లించాడు. ఇరవై ముప్పై వాల్వులు, సగం చిలుము పట్టినవి. కారుకి సరిపోయే కొలతవి నాలుగు ఏరి, పక్క టీ అంగడికి తీసుకుపోయి, కాగే నీళ్ళలో దారం కట్టి వేలాడదీశాడు. మూడు చచ్చిపోయాయి. ఒకటి మాత్రం నీళ్ళు మరగబోతుండగా మెల్లగా నోరు తెరిచింది, చన్నీళ్ళలో ముంచితే మూసుకుంది. ఆరేళ్ళు చీకట్లో పడి ఉన్నా తన పని మరచిపోలేదు.

మూత విప్పాడు. మందపాటి కాగితాన్ని మూత అంచు మీద పరిచి, గుండు సుత్తితో చుట్టూ చిన్నగా తట్టి, నీళ్ళు కారకుండా గాస్కెట్టు కత్తిరించాడు. వాల్వు కూర్చోబెట్టి, గ్రీజు రాసి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించాడు. పై గొట్టం వదులు చేసి, బుడగలు ఆగి నీళ్ళు నిండుగా వచ్చేదాకా గాలి వదిలించాడు. మళ్ళీ టంగుటూరు రోడ్డు. ఈసారి ముల్లు వాలలేదు. హీటరు కాళ్ళ మీద నిప్పులా కొట్టింది. ఇమ్మానియేలు నవ్వుతూ చెప్పుల్లోంచి పాదాలు పైకి తీసుకున్నాడు.

నాలుగున్నరకి జయరావు గారు రిక్షాలో వచ్చారు. కారెక్కి ఓ చుట్టు తిరిగొచ్చి, దిగి బుడే భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. “పోయినేడు మల్లేశ్వరిని పోగొట్టుకున్నాననే అనుకున్నా సాయిబూ. అంతా నీ చేతి చలవే.”

“అయ్యగారూ, పోయినేడు సంగతి...” అన్నాడు బుడే. “అప్పుడు కూడా ఇదేనండి. గొట్టాలు కాదండి. వాల్వు...”

“ఆ పానకాలు దరిద్రుడి సంగతెత్తకు. కడుపుకి అన్నమే తిన్నాడో ఇంకేం తిన్నాడో. వాల్వే పోగొట్టాడో, గొట్టమే పూడ్చాడో. నువ్వు ఆ రోజు చెప్పబట్టి తెలిసింది.”

నేనే తీశానండి అని ఇంకొక్క మాట అంటే చాలు. బుడే చేతిలోని గుడ్డతో స్పానరు తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. జయరావు గారు కారెక్కి వెళ్ళిపోయారు.

పైచొక్కా వేసుకోకుండానే బుడే బస్టాండుకి నడిచాడు. నడక చాలక పరిగెత్తాడు. ఎడమ మోకాలు సహకరించలేదు. సాగరు వైపు పోయే మాచర్ల బస్సు ఇంకా కదల్లేదు. పానకాలు బస్సు మీద మూటలు కట్టి దిగుతున్నాడు. చిక్కిపోయాడు, చెంపల దగ్గర నెరిసింది. అతని భార్య పున్నమ్మ బుడేని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

“ఏందన్నా, ఇట్టా వచ్చావు?” అన్నాడు పానకాలు.

“వాల్వు నేనే తీశా పానకాలూ,” అన్నాడు బుడే, రొప్పుతూ. “నీళ్ళ తప్పు కాదు. ఆ రోజు నాకు తెలుసు. తెలిసే అట్టా అన్నా.”

“నాకూ తెలుసుగా. నువ్వు మూత ఇప్పినప్పుడు బోల్టులు చేతిలో పట్టుకుని నిలబడింది నేనేగా.”

“మరి అయ్యగారి ముందర ఎందుకు చెప్పలా?”

పానకాలు మూటల తాడు చివర చేతికి చుట్టుకున్నాడు. “నువ్వు చెప్తావేమోనని చూశా.”

పున్నమ్మ కింద పెట్టిన కుంపటి చేతిలోకి తీసుకుంది.

“ఆ తర్వాత నేను చెప్తే ఎవరు నమ్ముతారన్నా? బుడే చెప్పాడంటే ఇంజను చెప్పినట్టేగా.” ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

“ఇప్పుడే పోదాం పద. ఆయన కాళ్ళ మీద పడి చెప్తా.”

“ఎందుకు? ఇమ్మానియేలుని తీసేసి నన్ను పెట్టుకుంటాడు. వాడికి ఇద్దరు పిల్లలు. వద్దులే.” పానకాలు చేతికి చుట్టిన తాడు విప్పుతూ, “హీటరు పని చేస్తందా ఇప్పుడు?” అని అడిగాడు.

“చేస్తంది.”

“అమ్మగారు పాపం శానా ఇబ్బంది పడింది ఆ రోజు,” అన్నాడు పానకాలు.

కండక్టరు విజిలేస్తూ వచ్చి పున్నమ్మ చేతిలోని కుంపటి చూసి ఆపాడు. నిప్పుల కుంపటి బస్సు ఎక్కించనన్నాడు. బూడిదేనయ్యా, మధ్యాహ్నం వండుకున్నామంతే అని ఆమె బతిమాలింది. వదిలెయ్యవే అన్నాడు పానకాలు. ఆమె దాన్ని కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది. బస్సు దుమ్ము లేపుకుంటూ నరసరావుపేట రోడ్డు మలుపు తిరిగింది.

బుడే అక్కడే నిలబడి ఉన్నాడు. బస్టాండు ఊడ్చే ముసలాయన చీపురుతో దగ్గరికి వచ్చి, “ఎవరిదయ్యా ఈ కుంపటి?” అన్నాడు.

“పానకాలుది.”

“ఏ పానకాలు? నీళ్ళు పొయ్యని డ్రైవరుదా?”

“కాదు,” అన్నాడు బుడే. “ఆయన రోజూ పోసేవాడు. గుడ్డ వేసి వడగట్టి పోసేవాడు. నేను చూశాను.”

ముసలాయనకి ఆ గొడవతో పని లేదు. సరేలెమ్మని కుంపటి చుట్టూ ఊడ్చుకుంటూ పోయాడు. పాత ఇనప బకెట్టుకి మట్టి మెత్తి చేసిన కుంపటి అది. అంచు మీద పున్నమ్మ వేళ్ళ గుర్తులు నాలుగు ఎండిపోయి ఉన్నాయి, లోపలి బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.