ఫ్యామిలీ సైడ్ నుంచి వచ్చిన చెప్పు

వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్లు అమ్మే భాస్కర్‌కు మెత్తని మనిషని పేరు. గిన్నెలన్నీ కిందికి దింపించి, తట్టి చూసి, ఒక్కటీ కొనకుండా లేచిపోయినవాళ్లను కూడా ‘మల్ల రాండ్రి’ అని సాగనంపేవాడు. ఇంట్లోనూ అంతే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు పెద్దది చేయగా భార్య కళావతి వినలేదు. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, ఫుట్‌బాల్. ఏటా చలికాలంలో హనుమకొండ మైదానంలో టోర్నమెంటు మొదలైందంటే, సాయంత్రాలు గుమాస్తాకు దుకాణం అప్పజెప్పి సైకిలెక్కేవాడు.

ఎనభై ఒకటిలో ఆయన్ని టోర్నమెంటు కమిటీలోకి తీసుకున్నారు. అప్పటిదాకా ఆ మైదానం మొహం చూసిన ఆడవాళ్లు లేరు. బీడీ పొగ, బూతులు, గోలు పడితే ఒకరి మీద ఒకరు పడి దూకడం. ఆడవాళ్లకూ పిల్లలకూ విడిగా జాగా కట్టాలని కమిటీలో పట్టుబట్టింది భాస్కరే. మైదానానికి ఒక పక్కన వెదురు బొంగులు పాతి, మూడు వైపులా కనాత్ గుడ్డ కట్టి, కింద కొత్తవాడ జంపఖానాలు పరిచారు. లోపలికి దారి ఒక్కటే, వెనక మూలన. చెప్పులు అక్కడే విడిచి రావాలి. ఆ దారి దగ్గర, చొక్కాకు రిబ్బను బ్యాడ్జీ పెట్టుకుని, భాస్కర్ స్వయంగా నిలబడేవాడు. అందరూ దాన్ని ఫ్యామిలీ సైడ్ అన్నారు.

కళావతి మొదటి రోజు మొగుడి మాట తీసేయలేక వెళ్లింది. రెండో రోజు తనంతట తానే వెళ్లింది. ఆ తర్వాత అత్త రాజేశ్వరమ్మను, పక్కింటి బట్టల దుకాణం వాళ్ల అనసూయను కూడా వెంటబెట్టుకుని, వేయించిన పల్లీలు మూటగట్టుకుని మరీ వెళ్లసాగింది. ఆఫ్‌సైడంటే ఏమిటో ఆమెకు తెలియదు. బంతి మన వరంగల్ టీమువాళ్ల కాలికి దొరికితే మాత్రం కూర్చోలేకపోయేది. లేచి నిలబడి, ‘కొట్టు! ఏం జూస్తానవ్, కొట్టు!’ అని అరిచేది. రాజేశ్వరమ్మ చీర కొంగు పట్టి కిందికి గుంజేది.

సెమీఫైనల్ సికింద్రాబాద్ నుంచి వచ్చిన టీముతో పడింది. ఆట ఇక అయిపోతుందనగా మనవాళ్లు గోలు కొట్టారు. మైదానమంతా లేచింది. అంతలో రెఫరీ ఈల వేసి, చెయ్యి పైకెత్తి, అది గోలు కాదన్నాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పుట్టిన గోలలో పక్కమనిషి మాట కూడా వినిపించలేదు. కళావతి కూడా అరిచింది, ‘వాని కండ్లు పోయినయా’ అని. అరుస్తుండగానే ఏదో తలల మీదుగా గాలిలో తిరుగుతూ పోయి, గీత దగ్గరికి వచ్చిన రెఫరీ చెవి పక్కన తగిలింది.

అతను చెవి పట్టుకుని కూలబడ్డాడు. లేచాక, కింద పడినదాన్ని వేలితో ఎత్తి అందరికీ చూపించాడు. అది ఆడవాళ్ల చెప్పు.

ఆట ఆగిపోయింది. ‘ఫ్యామిలీ సైడ్ నుంచి చెప్పు విసిరిన స్త్రీ ఎవరో వెంటనే బయటికి రావాలి’ అని మైకులో చెప్పారు. అవతలి గ్యాలరీల్లో మగవాళ్లు ఈలలు వేశారు. లోపల కూర్చున్న ఆడవాళ్లు మాత్రం ఒకరి కాళ్లు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు, అందరివీ వట్టి కాళ్లే అయినా. కమిటీ పెద్ద కిషన్ రావు ఆ చెప్పును పేపర్లో పెట్టుకుని వచ్చాడు. ఎర్ర పట్టీ, దానికి నల్లదారంతో వేయించిన కుట్టు.

“అది కళావతి వదినెదే గద!” అంది అనసూయ.

అందరూ ఇటు తిరిగారు. కళావతి లేచి నిలబడింది. “చెప్పు నాదే. నేనైతే ఇసర్లే” అంది.

ఇప్పటిదాకా పక్కన ఒరుసుకుని కూర్చున్నవాళ్లు కొద్దికొద్దిగా జరిగారు. ఆమె మొగుడి కోసం చూసింది. భాస్కర్ దారి దగ్గరే, వెదురుబొంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల వంచుకుని, “ఇంటికి నడువుండ్రి” అన్నాడు, అంతే. వట్టి కాళ్లతో రిక్షా దాకా నడుస్తుంటే, బయట ఎవడో ‘రెండోది గూడ ఇసురు పెద్దమ్మా’ అని నవ్వాడు.

ఇంటికొచ్చాక రాజేశ్వరమ్మ కోడలి వైపు చూడకుండానే అంది, “మీదికి లేసి అరిచినప్పుడే అనుకున్న.”

“అత్తమ్మా, మీ పక్కనే ఉన్న గద. నా చెయ్యి లేసిందా?”

“నేను బంతి దిక్కు చూస్తుంటి. నీ చెయ్యి నాకేమెరుక?”

ఆ మాటతో కళావతికి తన మీద తనకే అనుమానం వచ్చింది. అంత కోపంలో ఏం చేసిందో నిజంగా తెలుసా? కానీ చెప్పులు ఉన్నది వెనక మూలన, తాను కూర్చున్నది ముందు వరుసలో. లేదు, తాను కాదు. మరి ఎవరు? ఆ రోజు ఆలస్యంగా వచ్చి చెప్పుల దగ్గరగా కూర్చున్నది అనసూయ. చెప్పు తనదని అందరికంటే ముందు అరిచిందీ అనసూయే. ఎవరూ అడగకముందే ఎందుకు చెప్పింది? ఈ మధ్య తానొక పట్టుచీర వేరే దుకాణంలో కొన్నందుకు అనసూయ మొహం ముడుచుకున్న సంగతి గుర్తొచ్చింది. అంతే, కళావతి మనసులో అది ఖాయమైపోయింది.

తెల్లవారి భాస్కర్ దుకాణానికి పోయినవాడు కాసేపటికే తిరిగొచ్చి ఒక డబ్బా చేతికిచ్చాడు. కొత్త చెప్పులు. మెత్తటివి, మంచివి. అడిగితే గానీ రవికె గుడ్డ కూడా తేని మనిషి.

“ఇప్పుడెందుకివి?” అంది కళావతి.

“ఉండనీ. జర బాగ నడువొస్తయి.”

అంతకు మించి మాట్లాడలేదు. కోపంగా లేడు, ఎందుకు చేశావని అడగలేదు, చేయలేదంటే నమ్మానని కూడా అనలేదు. ఊరంతా వేలెత్తి చూపిస్తున్న భార్యను ఒక్క మాటైనా అడగని మొగుడుంటాడా? ఆమెకు కొత్త చెప్పుల్లో కాలు పెట్టబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంకో సంగతి చెప్పాడు. నిన్న తాము వచ్చేశాక ఆట మళ్లీ సాగి, మనవాళ్లే నెగ్గారట. ఆదివారం ఫైనల్‌కు మాత్రం ఫ్యామిలీ సైడ్ తీసేస్తున్నారట. ఆడవాళ్ల ప్రవర్తన బాగాలేదని కమిటీ అనుకుందట.

“మీరేమన్నరు మరి? అది కట్టించిందే మీరాయె.”

భాస్కర్ కండువా మడత పెట్టాడు. “నేను గూడ చెయ్యెత్తిన.”

“అందరెత్తినంకనా?”

“ఎవరు ముందో ఎవరు వెనకో నాకేం యాదికి లేదు” అని లేచి వెళ్లిపోయాడు. దుకాణంలో ఎవరికి ఏ సైజు గిన్నె ఇచ్చాడో ఏళ్ల తర్వాత కూడా చెప్పగల మనిషి ఆ మాట అనేసరికి, కళావతి ఆయన పోయిన దారినే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున తాడోపేడో తేల్చుకుందామని అనసూయ ఇంటికి వెళ్లింది. అనసూయ బియ్యం చెరుగుతోంది. లేచి పీట వేయలేదు.

“చెప్పు నేనిసిరంగ నీ కండ్లతోని చూసినవా?” అంది కళావతి నిలబడే.

“నేను చూడలే వదినె. అబద్ధమెందుకాడాలె. ఎర్ర పట్టీ చూసి నీదన్న, అంతే. నేను నువ్వేసినవన్ననా?”

“చెప్పుల పక్కన కూసున్నది నువ్వు.”

అనసూయ చాట కింద పెట్టింది. “ఓహో, నా మీదికి తెస్తానవా? నేనూ అందరితోనే లేసి చూస్తుంటి. నా తల మీదంగ ఝుయ్యిమని పోయిందది. వెనుక నుంచే వచ్చింది. నేనే చిట్టచివర ఉంటిని, ఇగ నా వెనుక ఎవరున్నరు?”

“బయటోళ్లెవరన్న వచ్చిండ్రేమో.”

“ఎట్లొస్తరు? దారి కాడ మీ ఆయననే ఉండె. ఆయనుండంగ పరాయి మనిషిని రానిస్తడా?” అని, కళావతిని కింద నుంచి పైదాకా చూస్తూ అంది. “అందుకే అంటాన. మనోళ్లల్ల ఎవరో ఒకరే. నీకే తెల్వాలె.”

కళావతి ఆ చోటును మనసులో చూసుకుంది. అనసూయ వెనక ఎవరూ లేరు. చెప్పులున్నాయి, చెప్పుల పక్కన ఆ మనిషి ఉన్నాడు.

ఆమె ఇంటికి పోలేదు. సరాసరి చౌరస్తాకు నడిచింది. దుకాణంలో గిరాకీ లేదు. గుమాస్తా ఏదో పని మీద బయటికి పోయాడు. భాస్కర్ స్టీలు బిందె ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు.

“చెప్పు ఇసిరింది మీరేనా?” అంది.

“ఎవరన్నరు?” అన్నాడు భాస్కర్.

కాదు అనలేదు. ఎవరన్నారని అడిగాడు. కళావతి గల్లా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన బిందె తుడిచిన చోటనే మళ్లీ మళ్లీ తుడిచాడు.

“నా చేతికేదో అందింది” అన్నాడు చివరికి. “ఏందో చూడలే. గోలు కాదన్నప్పుడు నా కండ్లకేం కనవడలే కళా. ఇసిరినంక తెల్సింది.”

“నాదని ఎప్పుడు తెల్సింది?”

“కిషన్ రావు పేపర్ల పట్టుకొచ్చినప్పుడు.”

“అప్పుడన్న చెప్పచ్చు గద.”

“ఎట్ల చెప్పాలె? కమిటీల ఉన్న. బ్యాడ్జీ పెట్టుకున్న. దుకాణపు మనిషిని, బజార్ల నలుగురిల...”

“నలుగురు నాకు లేరా?” ఆమె స్టూలు మీంచి లేచింది. “నువ్వు తలకాయ వంచుకొని నిలవడ్డవ్.”

పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆయన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయన తలెత్తాడు.

“సాయంత్రం కమిటీ కాడికి పోదాం. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?”

కిషన్ రావు ఇంటి వరండాలో కమిటీవాళ్లు కుర్చీలేసుకుని ఫైనల్ ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. భాస్కర్ మెట్ల మీద నిలబడే చెప్పాడు, తక్కువ మాటల్లో. ఇప్పుడు ఈయన పరువు పోతుంది, కమిటీలోంచి తీసేస్తారు, ఎంత పని చేశాను అనుకుంది కళావతి.

కిషన్ రావు ఫక్కున నవ్వాడు.

“అరె భాస్కర్! నీ చేతిల గింత నిషానా ఉన్నదా! సక్కగ చెవి కాడ పడ్డది గద!”

అందరూ నవ్వారు. ఒకాయన లేచి భాస్కర్ భుజం మీద చరిచాడు. ‘అది గోలే, వాన్ని ఇంకో నాలుగు కొట్టేది ఉండె’ అన్నాడొకడు. భాస్కర్‌కు కుర్చీ వేశారు, చాయ తెమ్మని లోపలికి కేకేశారు. ఫ్యామిలీ సైడ్ ఉంచేద్దామని మాటల్లో మాటగా తేలిపోయింది. మొన్న అదే చెప్పు ఆడమనిషి విసిరిందనుకున్నప్పుడు ఊరంతటికీ తలవంపులన్నారు వీళ్లు. కళావతి మెట్ల దగ్గర నిలబడే ఉంది.

“నువ్వు మనసుల పెట్టుకోకమ్మా” అన్నాడు కిషన్ రావు, ఆమె ఉన్నట్టు అప్పుడే చూసి.

“నన్ను మైకుల అన్నరు” అంది కళావతి. “కాదని మైకులనే చెప్పుండ్రి.”

నవ్వులు ఆగాయి. కిషన్ రావు గడ్డం గోక్కున్నాడు. “చూద్దాం, చెప్పిద్దాం” అన్నాడు.

ఆదివారం ఆట మొదలయ్యే ముందు మైకులో చెప్పారు. ‘మొన్నటి సంఘటనకూ ఫ్యామిలీ సైడ్‌లోని స్త్రీలకూ ఎలాంటి సంబంధం లేదని తెలియజేస్తున్నాము.’ అంతవరకే. విసిరింది ఎవరో చెప్పలేదు. జంపఖానాల మీద గుసగుసలు లేచాయి. ‘మనోళ్లు కాకపోతే ఎవరట?’ అని ఒకామె అడిగితే, ఇంకొకామె అవతలి గ్యాలరీలో ఉన్న తన మొగుణ్ని వెతుక్కుంటూ కళ్లు చికిలించి చూసింది. అనసూయ జరిగి కళావతికి చోటిచ్చింది, కానీ ఆ రోజు తన పల్లీలు తానే తెచ్చుకుంది.

భాస్కర్‌ను దారి దగ్గర పెట్టలేదు. జనరల్ గ్యాలరీలో నిలబడమన్నారు. కళావతి బంతి వైపు చూద్దామనుకుంది, చూపు నిలవలేదు. అవతలి జనంలో ఆయన కోసం వెతికింది. చాలాసేపటికి దొరికాడు. ఇద్దరి భుజాల మీద చేతులేసి, మెడ నరాలు ఉబ్బి, మొహం నల్లబడి, నోరంతా తెరిచి రెఫరీని ఏదో తిడుతున్నాడు. ఏం తిడుతున్నాడో ఇంత దూరం వినిపించదు. ఆ మొహం ఆమె ఇంట్లో ఎన్నడూ చూడలేదు. పక్కన రాజేశ్వరమ్మ కూడా అటే చూస్తోందని కాసేపటికి గమనించింది.

“వాళ్ల నాయన గూడ గిట్లనే” అంది ముసలామె మెల్లగా. “కోడిపందేల కాడ మనిషే వేరు.”

కళావతి ఆమె వైపు తిరిగింది. “అత్తమ్మా, ఇసిరింది ఈయననే అని మీకు ఎరుకేనా?”

“చూడలే బిడ్డా. చూడలే గని, అనుమానమైతే వచ్చింది.”

“మరి నాకెందుకు చెప్పలే? నన్నెందుకంటిరి?”

రాజేశ్వరమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “కొడుకు గద” అంది, ఇక మాట లేదన్నట్టు.

మనవాళ్లు గెలిచారు. జనం మైదానంలోకి దూకారు. కనాత్ గుడ్డ ఒక పక్క ఊడిపోయి పడింది. ఆడవాళ్లు చెప్పుల కోసం ఒకరినొకరు తోసుకున్నారు. బయట భాస్కర్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగింది, అంతే, మొహం మళ్లీ దుకాణంలోని మొహమైంది. “రిక్షా పిల్వాల్నా? అలిసిపోయిండ్రేమో” అన్నాడు మెత్తగా.

కళావతి అత్తను రిక్షాలో ఎక్కించి, తాను ఎక్కలేదు. నడుస్తానంది. ఆయన సైకిలు నడిపించుకుంటూ పక్కన వచ్చాడు. దారి పొడుగునా ఆ గోలు గురించీ ఆ పాసు గురించీ చెబుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం వినడం లేదు. పాత సంగతులు గుర్తొస్తున్నాయి. ఒకసారి దుకాణంలో పనిచేసిన మనిషి ఎందుకో చెప్పాపెట్టకుండా మానేశాడు, ఇంకోసారి ఇంట్లో మంచి గాజు గ్లాసు పగిలితే పనిమనిషి ఏడుస్తూ నేను కాదంది. రెండుసార్లూ ఈయన మెత్తగా, పోనీ తియ్యి అన్నాడు, ఏం జరిగిందని అడగలేదు. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటూ, ఆయనకు కాస్త ఎడంగా నడిచింది.