రాత్రిపాళీ మొక్కలు

"గా బల్బు వేడికి చేపలు ఉడికిపోతే పాపం ఎవలకే?" అంది జమున.

బల్బు ఇంకా పెట్టనేలేదు. కూతురు సంధ్యారాణి స్టూలెక్కి తీగ కడుతోంది, అంతే.

"ఉడకయమ్మా. వెలుతురు లేకనే మొక్కలు కుళ్లుతున్నయ్, చూడరాదు."

నిజమే. సంధ్యారాణి స్నేహితురాలు ఇల్లు మారుతూ ఇచ్చిపోయిన గాజుతొట్టి అది. నాలుగు చేపలు, ఇసుకలో నాటిన నీటిమొక్కలు. నెల తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. కారణం కిటికీ. జమున భర్త ఆగయ్య జోల్వా అనే గుజరాతీ ఊళ్లో రాత్రిపాళీ మరమగ్గం నడుపుతాడు, పగలు పడుకుంటాడు. మగ్గాల దగ్గర్నుంచి తెచ్చిన రంగు వేయని గుడ్డను రెండు మడతలు పెట్టి జమున కిటికీకి మేకులతో కొట్టేసింది. ఆ వరసలో రాత్రిపాళీ గదులన్నీ అంతే, పట్టపగలే చీకటి. పోయినేడు పక్క గల్లీ పరుశురాం పనిలో కునుకు తీస్తే మగ్గం రెండు వేళ్లు తీసుకుంది. ఆగయ్య నిద్ర అరగంట తగ్గినా జమునకు ఆ వేళ్లే కనబడతాయి.

బల్బు వెలిగింది. వెలుగు పోయి పోయి ఆగయ్య మొహం మీద పడింది. ఆయన అటూ ఇటూ దొర్లాడు. జమునకు ఏమీ తోచలేదు. మిగిలిన గుడ్డ తెచ్చి తొట్టినీ బల్బునూ కలిపి కప్పేసింది. పావుగంటకు కమురు వాసన. ఉరికొచ్చి తీగ పీకేసింది.

"ఇల్లు కాలవెడ్తవే నువ్వు!" అని కూతురి మీద అరిచింది.

గుడ్డ మీద గుండ్రంగా మాడిన మచ్చను సంధ్యారాణి చూసింది. ఆ తర్వాత మూడు రోజులూ తల్లితో ఏమీ అనలేదు.

"తింటవా?" జవాబు లేదు. "జరమొచ్చిందా?" లేదు. పిల్లకు మాటే పడిపోయిందేమోనని జమున హడలిపోయింది. వరండాలో ఫోన్లో ఎవరితోనో గుజరాతీలో గలగలా మాట్లాడుతుంటే విని కుదుటపడింది. కుదుటపడ్డాక ఏడుపొచ్చింది.

నాలుగోనాడు జమున కుళ్లిన ఆకొకటి తడి కవర్లో వేసుకుని పెంపుడు చేపలమ్మే దుకాణానికి పోయింది. దుకాణదారు మూడు లైట్లు తీసి ముందు పెట్టాడు. గులాబిది మొక్కలకట. నీలిది చేపలు అందంగా కనబడడానికట. తెల్లది అన్నిటికీ పనికొస్తుందట. ఒకటి అన్నిటికీ పనికొస్తే మిగతా రెండూ ఎందుకు చేశారు? తెల్లదాని డబ్బా మీద 6500 అని ఉంది. జమున చెయ్యి వెనక్కి తీసుకుంది. మగ్గాల షెడ్డులో 440 అని రాసిన పెట్టె మీదే పుర్రె బొమ్మ ఉంటుంది.

"పిల్ల చెయ్యి పెడ్తది భాయ్! ఇంత కరెంటా?"

"అది కరెంటు కాదు బెహన్," అన్నాడతను హిందీలో. "తెలుపు ఎట్లాంటిదో చెప్పే అంకె. మధ్యాహ్నపు వెలుగులాంటిది. మీ బల్బంత వేడెక్కదు. రోజుకు ఏడెనిమిది గంటలు వెయ్యండి. ఎక్కువైతే పాచి పడుతుంది."

"పగలు మా ఆయన పడుకుంటడు."

"మీవారు పనికి పోయాకే వెయ్యండి. మొక్కలకు గడియారం తెలుసా? రోజూ అదే వేళకు వేసి, అదే వేళకు ఆర్పితే చాలు."

జమున తెల్లది కొనుక్కొచ్చి, చీకటిపడ్డాక వేస్తానని ఆగయ్యతో చెప్పింది. సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరుతూ ఆగయ్య తొట్టివైపు చూశాడు. "ఏందే, మొక్కలకు గూడ రాత్రిపాళీనా? నాతోని తోలు, జోడీగ పోతం."

ఆయన గల్లీ మలుపు తిరిగాక జమున లైటు వేసింది. వేడెక్కుతుందేమోనని ముట్టుకుంది. మళ్లీ ముట్టుకుంది. సంధ్యారాణి చాప మీద పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"ఏడింటికెల్లి పదకొండు దాంక ఏద్దాం. మల్ల నాలుగింటికి నల్లా నీళ్లొచ్చినప్పుడు ఏసి, బాపు వచ్చేలోపు ఏడింటికి బంద్. ఏడు గంటలైతది. సాలుతదా?"

సంధ్యారాణి పుస్తకం ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"నడుమ చీకటైతే బుగులువడయా? ఒక్కనాడు నాకు మెలకువ రాకుంటే సచ్చిపోతయా?"

పుస్తకంలో పేజీ తిరగలేదు.

"గుడ్డ నేనే కప్పిన బిడ్డా. కప్పింది నేను, అరిసింది నీ మీద."

సంధ్యారాణి లేచి వచ్చి తొట్టిలో చెయ్యి ముంచింది. జమున చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. పిల్ల కుళ్లిన ఆకు గిల్లి తీసి తల్లి చేతిలో పెట్టింది.

"నాలుగింటికి నన్ను లేపమ్మా, నేనేస్త," అంది. "నువ్వైతే ముట్టుకుంట ముట్టుకుంటనే తెల్లారగొడ్తవ్."