అద్దం మీది బొట్టుబిళ్ళ

అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచేవాళ్ళలో నాకున్నంత వేగం ఎవరికీ లేదు. ఒకసారి నేను వలిచిన పీచు గుట్ట మీదికెక్కితే సముద్రం కనిపించింది. నమ్మనివాళ్ళు నమ్మకండి. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక నాలుగేళ్ళ మనవరాలి వెనక పరిగెత్తడానికి మాత్రం నా మోకాళ్ళు ఒప్పుకోవు.

కూతురు సత్యవేణీ, అల్లుడూ పనికోసం మస్కట్ వెళ్ళి ఏడాదైంది. పింకీ నా దగ్గరే ఉంటుంది. అంగన్‌వాడీలో ఒకణ్ణి కొరికింది. ఇంట్లో పప్పులో గుప్పెడు ఇసుక పోసింది. వీపు మీద రెండు వేశాను. ఏడ్చింది. కాసేపటికి నా ఒళ్ళోనే కూర్చుని జేబులో బెల్లంముక్క వెతికింది. తెల్లారితే మళ్ళీ ఇసుక.

ఒకరోజు ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి, నోటికొచ్చిన కోత కోసేశాను.

“ఒసే పింకీ, ఈ ఫోనుంది చూసేవా? కాల్ చేసినా చెయ్యకపోయినా మీ అమ్మ ఇందులోంచి రోజంతా నిన్నే చూత్తా ఉంటది. నువ్వు అల్లరి చేసినప్పుడల్లా అమ్మొచ్చే విమానం ఒక్కో రోజు వెనక్కి జరుగుద్ది.”

పింకీ ఫోను వైపు చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి పెట్టింది తినడం, పడుకోమంటే పడుకోవడం. పులికి మాటలతోనే మీసాలు కత్తిరించానని కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాను. తర్వాత ఒకరోజు వీడియో కాల్ చేసినప్పుడు అంతా చీకటిగా ఉందని సత్యవేణి అంటే, ఫోను ముసలిదైపోయిందనుకున్నాను.

మూడు వారాలకి అంగన్‌వాడీ శాంతి టీచరు గారు నన్ను ఆపారు.

“అప్పన్న గారూ, పింకీ ఇంట్లో ఎలా ఉంటుందండీ?”

“ఆయ్, బంగారమండి. చప్పుడే లేదండి.”

“అదేనండి నా బెంగ. ఈ వయసులో కొరుకుతారు, తిడితే అలుగుతారు, మళ్ళీ వచ్చి చెయ్యి పట్టుకుంటారు. అది మామూలేనండి. నిన్న పక్కపిల్లోడు దీని గుడ్డు లాక్కుని తినేశాడు. చూస్తా కూర్చుంది గానీ ఏడవలేదు. పక్క గానీ తడుపుతుందా?”

“నాలుగు రోజుల్నించి తడుపుతుందండి.”

“ఏమన్నా చెప్పి భయపెట్టేరా?”

ఫోను సంగతీ, విమానం సంగతీ ఒక్క కోతా కలపకుండా చెప్పేశాను.

“ముందు ఆ మాట సరిచెయ్యండి. అప్పటికీ ఇలాగే ఉంటే అమలాపురంలో డాక్టరు గారికి చూపిద్దామండి,” అన్నారావిడ.

ఇంటికొచ్చి ఫోను తీసి వెలుతుర్లో చూశాను. తెర పైన, కెమెరా కన్ను మీద, చిన్న ఎర్ర బొట్టుబిళ్ళ. సత్యవేణి వెళ్తూ గోడ అద్దానికి అంటించి వదిలేసిన బిళ్ళలు ఐదు. ఇప్పుడక్కడ నాలుగే ఉన్నాయి.

“ఇదెందుకు అంటించేవమ్మా?”

“అమ్మ చూసేత్తది,” అంది పింకీ గుసగుసగా. “పక్క తడిపేను కదా.”

నేను దాని పక్కనే నేల మీద కూర్చున్నాను.

“అమ్మకి కాల్ చేత్తేనే కనపడతావమ్మా. విమానం కూడా ఎక్కడికీ జరగదు. అది తాత కోసిన కోత.”

పింకీ నా వైపు తిరిగింది.

“మరి నేను అన్నమంతా తినేసినప్పుడు?”

“చూళ్ళేదు.”

“గుడ్డు ఇచ్చేసినప్పుడు?”

“అదీ చూళ్ళేదమ్మా.”

నా చెయ్యి పట్టుకుని కసిగా కొరికింది. నేను లాక్కోలేదు. తర్వాత మూడు వారాల ఏడుపు ఒకేసారి ఏడ్చింది, నా ఒళ్ళోనే.

బిళ్ళని మళ్ళీ అద్దానికి అంటించాను. సాయంత్రం సత్యవేణి ఫోన్ చేసింది.

“నాన్నా, ఇయ్యాల కనపడతన్నారు. ఆ చేతికేంటది?”

“పింకీ కొరికింది. తప్పు నాదేనమ్మా,” అని జరిగిందంతా చెప్పాను.

“ఎన్ని పళ్ళు దిగేయి?” అంది సత్యవేణి, అంతా విన్నాక.

ఇంకో రోజైతే ముప్పై రెండూ అనేవాణ్ణి.

“నాలుగమ్మా.”

“పది,” అంది పింకీ నా ఒళ్ళోంచి.