వీపు మీద బురదచేప

కంపాలాలో, బ్వాయిసె పేటలో కుట్టుమిషను పెట్టుకున్న తోపిస్తా దగ్గరికి మోటారుసైకిలు జాకెట్లు రాని రోజు ఉండదు. పాతబట్టల బజారులో కొన్న జాకెట్టు ఎంత బాగున్నా, దాని మీద ఎవడిదో కంపెనీ పేరు బారెడు అక్షరాల్లో ఉంటుంది. వాడేమైనా మా బండికి పెట్రోలు పోయిస్తున్నాడా, వాడి పేరు మోయడానికి అంటారు బాడుగ బండ్లవాళ్ళు. తోపిస్తా బ్లేడుతో ఆ దారాలు విప్పేది. విప్పినచోట సూది బెజ్జాలు, రంగు తేడా మిగిలిపోతాయి కదా, వాటిని కప్పేలా ఆ మనిషి వంశపు జంతువును కుట్టేది. అక్కడ ప్రతి వంశానికీ ఏదో ఒక ప్రాణి గుర్తు. ఆమె కుట్టినవాటికి ప్రాణముండేది. బండ్ల స్టాండు పెద్దమనిషి జాకెట్టు మీది ఏనుగుకు పొద్దున్నే నీళ్ళు చల్లాలి. ఇంకొకడి కోతి వెనక కూర్చున్నవాళ్ళ వేరుశనగలు లాక్కునేది. ఆ బండెక్కేవాళ్ళు పొట్లం జేబులో దాచుకునేవారు.

బాడుగ బండి నడిపే ఎరిసాది మిడత వంశం. అతని జాకెట్టు వీపున కంపెనీ పేరు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఉంది. మిడతను కుడితే రెండక్షరాలు కూడా మూయదు. తోపిస్తా కొలిచి చూసి, పొడుగ్గా ఉంటుందని బురదచేపను కుట్టేసింది. "నీ వీపు నీకు కనబడుతుందేంట్రా," అంది. నిజమే కదా అనుకున్నాడు పిచ్చి సన్నాసి. ఎండాకాలమంతా బురదలో నిద్రపోయే జాతి కదా, చేప కూడా ఎండలకు కదలకుండా నిద్రపోయింది.

ఆ వీపు ఎవరికి కనబడుతుందో వారం తిరక్కుండానే తెలిసింది. బజారుకు వెళ్ళడానికి రెస్టీ అతని బండెక్కింది. చేపను చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. ఆమెదీ బురదచేప వంశమే. ఒకే వంశమంటే అన్నాచెల్లెళ్ళు, ఇక మాట్లాడేదేముంది? రేపు కూడా ఎనిమిదింటికి రా అన్నయ్యా అంది. ఆ నవ్వు చూసి ఎరిసా తనది మిడత వంశమని చెప్పకుండా తలూపేశాడు. మొదటిరోజు చెప్పలేనివాడు రెండోరోజు ఏం చెప్తాడు? చెప్తే పరాయివాడి బండి ఎక్కదేమో. చెప్పకపోతే జన్మంతా అన్నయ్యే. అలా ఐదు నెలలు నడిపాడు, పాపం, రోజూ ఏడింటికే బండి తుడుచుకుని.

నవంబరులో మిడతలు దిగాయి. రెస్టీ వాటిని వేయించి బకెట్టుతో అమ్మేది. బండెక్కగానే అతనికో గుప్పెడు పెట్టబోయేది. సొంత వంశపు ప్రాణిని ఎవరు తింటారు? పన్ను నొప్పని ఒకరోజు, కడుపు నొప్పని ఒకరోజు తప్పించుకున్నాడు. నాలుగోరోజు ఆమె ఒక కబురు చెప్పింది. మేనత్త సిమెంటు కొట్టు నడిపే ఒకాయన సంబంధం తెచ్చిందట, ఆదివారంలోగా మాట ఇవ్వాలట.

"నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. పెళ్ళికొడుకు ఆచారంగా తెచ్చే కోడిపుంజును పెళ్ళికూతురి అన్నగా నువ్వే అందుకోవాలి అన్నయ్యా."

ఆమెను దింపి ఎరిసా తిన్నగా తోపిస్తా దగ్గరికి పోయాడు. రెస్టీ సంగతి చెప్పి చేపను విప్పెయ్యమన్నాడు. 

"కంపెనీ పేరైతే విప్పుతాను. ప్రాణమున్నదాన్ని విప్పను," అంది ఆమె. "ముందు ఆ పిల్లకు నిజం చెప్పరా."

శనివారం పొద్దున వాన దంచేసింది. మురుగుకాలువ పొంగి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఎరిసా గుండె గట్టి చేసుకుని నీళ్ళ మధ్యలో బండి ఆపాడు. ఒక మాట చెప్పాలి రెస్టీ అని మొదలుపెట్టేసరికి వీపు మీద ఏదో మెసిలింది. ఎండాకాలపు నిద్ర లేచిన చేప ఒళ్ళు విరుచుకుని, జాకెట్టు మీంచి జారి నీళ్ళలో పడి, కాలువ వైపు ఈదుకుంటూ వెళ్ళిపోయింది.

వెనక నుంచి రెస్టీ ఖాళీ అయిన ఆ వీపును వేలితో తడిమి చూసింది.

"మీది ఏ వంశం?" అంది.

"మిడత. చెబితే నువ్వు రావేమోనని చెప్పలేదు."

"అందుకా పన్ను నొప్పి." ఆమె బకెట్టు మూత గట్టిగా బిగించింది. "ఐదు నెలలు అన్నయ్యా అని పిలిపించుకున్నావు, సిగ్గు లేదూ?"

ఉందన్నాడు ఎరిసా. బండి కదిలించాడు.  బజారు దగ్గర దిగి, తడిసిన బట్ట అంచు పిండుకుంటూ అప్పుడంది రెస్టీ.

"సిమెంటాయన వద్దని అత్తయ్యతో చెప్తాను. పుంజును అందుకోవడానికి మావాళ్ళలో అన్న వరసవాడు ఎవడో ఒకడు దొరక్కపోడు. తెచ్చేది మాత్రం నువ్వే, ఎరిసా."

ఆమె నోట తన పేరు వినడం అతనికి అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే కోళ్ళ బజారుకు పోయి బరువైన పుంజు కోసం బేరమాడాడు. వీపున కంపెనీ పేరు ఆనవాలు బయటపడి ఉందని ఎవరో నవ్వారు. దాన్ని కప్పించుకోవాలని కూడా అతనికి గుర్తు రాలేదు.